జ్ఞాపకము తప్పిన యంత్రము

1980 ప్రాంతమున ఇంగ్లండు, అమెరికా దేశములలో సామాన్య గృహస్థుల యిండ్లకు చిన్న కంప్యూటరులు వచ్చినవి. వానికి వెనుకనో క్రిందనో తగిలించు అదనపు మెమొరీ పెట్టెలు చెడినప్పుడు దోషమును ఎట్లు కనుగొనవలెనో ఈ దినము చెప్పదలచితిని. "ఇది కుర్రవాండ్ర వ్యవహారము, పెద్దవారమగు మాకేల?" యని మీరనవచ్చును. కాని మోటబావుల కాలమున గిలక కిఱ్ఱుమని మొఱపెట్టినప్పుడు మన పెద్దలు వెంటనే గిలకను పారవేయలేదు. ముందు ఇరుసును చూచిరి. చమురున్నదా యని చూచిరి. త్రాడు ప్రక్కకు జాఱినదా యని చూచిరి. ఇవి యన్నియు సరిగా నున్నప్పుడే గిలకను మార్చిరి. నేను చెప్పబోవు చికిత్సయు ఆ క్రమమే. యంత్రము వేఱు గాని దోషమును వెదకు తెలివి మీరెఱిగినదే.

ముందుగా మెమొరీ యన నేమో చెప్పెదను. కంప్యూటరులో రెండు తెఱగుల జ్ఞాపకములు గలవు. ఒకటి శిలాశాసనము వంటిది. దానిని కర్మాగారముననే చెక్కి పంపుదురు. కరెంటు పోయినను అది చెఱగదు. రెండవది బడిపిల్లవాని పలక వంటిది. మనము వ్రాసిన లెక్కలు, ఉత్తరములు, ఆటలు పని జరుగునంతవఱకు దానిమీద నుండును. కరెంటు తీసినతోడనే పలక తుడిచినట్లు పోవును. ఈ పలకకే ర్యామ్ అని పేరు. పలక చిన్నదైనచో పెద్ద లెక్క పట్టదు గదా! అందుచేత మఱియొక పెద్ద పలకను తెచ్చి తగిలించు ఉపాయము పుట్టినది. అదియే అదనపు మెమొరీ.

ఉదాహరణమునకు ఒక యంత్రమును తీసికొందును. దాని పేరు జెడ్‌ఎక్స్ 81. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున క్లైవ్ సింక్లెయిర్ అను నాతని సంస్థ దీనిని 1981 మార్చి నెలలో విడుదల చేసినది. స్కాట్లండులోని డండీ పట్టణమున టైమెక్సు కర్మాగారములో ఇది తయారయ్యెడిది. విడిభాగములుగా కొని తామే కూర్చుకొన్నవారికి వెల 49 పౌనుల 95 పెన్నీలు. కూర్చినదానిని కొన్నవారికి 69 పౌనుల 95 పెన్నీలు. ఇట్టివి పదునైదు లక్షలకు పైగా అమ్ముడైనవి.

అంత చౌకగా వచ్చుటచేత దాని పలకయు చిన్నదే. అందులో 1,024 గళ్ళు మాత్రమే యుండెను. ఒక్కొక్క గడిలో సున్న మొదలు 255 వఱకు గల ఏదైన ఒక సంఖ్య పట్టును. టెలివిజను తెర నిండ అక్షరములు వ్రాసినచో ఆ గళ్ళలో ముప్పాతిక భాగము తెరకే సరిపోవును. మన పనికి మిగులునది కొంచెమే. కావున వెనుకవైపున తగిలించుటకు 16,384 గళ్ళు గల నల్లని పెట్టె నొకదానిని అదే సంస్థవారు అమ్మిరి. దానిని ర్యామ్ ప్యాక్ అనిరి. ఒక సంగతి గమనింపుడు. ఈ పెట్టె తగిలించినప్పుడు యంత్రములోని సొంత పలక పని మానుకొనును. భారమంతయు పెట్టెమీదనే పడును. కావున పెట్టె చెడినచో సొంత జ్ఞాపకము కూడ లేనట్లే యగును.

ఈ పెట్టెకు అక్కరకురాని పేరొకటి వచ్చినది: అది కదలును. యంత్రము వెనుక అంచున చిన్న చిన్న లోహపు రేకులు వరుసగా నుండును. పెట్టెలోని సన్నని స్ప్రింగులు ఆ రేకులను ఇరువైపుల పట్టుకొనును. ఈ పట్టు తప్ప పెట్టెకు వేఱు ఆధారము లేదు. మీట నొకింత గట్టిగా నొక్కినను యంత్రము కదలును. యంత్రము కదలిన పెట్టె ఊగును. పెట్టె ఊగిన ఏదో యొక రేకు ఱెప్పపాటు విడివడును. అంతటితో తెర చెదరిపోవును. గంటలకొలది వేళ్ళు నొవ్వ వ్రాసినది, అంతలో క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించి యుండనిచో, తిరిగి రాదు. ఆ కాలమున దీనిని కొన్నవారు పెట్టెకు రబ్బరు పట్టీలు చుట్టిరి. జిగురు ముద్దలు అంటించిరి. అవి వేడుకకు చేసిన పనులు కావు.

ఱెప్పపాటులో ఇంత నష్ట మేల కలుగును? రెండు కారణములు గలవు. మొదటిది: కంప్యూటరు తాను తరువాత చేయవలసిన పనిని సైతము ఆ పలకమీదనే చదువుకొనుచుండును. ఒక్క రేకు విడివడినను ఒక గడికి బదులు మఱియొక గడిని చదువును. అక్షరము తప్పి చదివినవాడు అర్థము తప్పినట్లు అక్కడనుండి దారి తప్పును. రెండవది: ఈ పెట్టెలోని గళ్ళు చిల్లుకుండల వంటివి. అమెరికాలో రాబర్ట్ డెన్నార్డ్ అను శాస్త్రజ్ఞుడు కల్పించిన ఈ విధానమునకు 1968లో పేటెంటు లభించినది. ఒక్కొక్క చిన్న కుండలో కొంచెము విద్యుత్తు నింపి యుంచిన ఒకటి. ఖాళీగా నుంచిన సున్న. ఆ విద్యుత్తు తనంత తానే కాఱిపోవుచుండును. కావున సెకండులో అయిదువందవ వంతు గడువక మునుపే ప్రతి కుండను చూచి మఱల నింపుచుండవలెను. నీరు పోయువాడు దారిలో నిలిచిపోయినచో కుండలు ఎండునట్లు, ఆ వరుస తప్పినచో జ్ఞాపకము తప్పును.

ఇక చికిత్సను చెప్పెదను. నేను ఇట్టి పాత యంత్రములను బాగుచేయుచుండుటచేత తెలిసికొన్న ముఖ్య సూత్రము ఒక్కటే: ఖర్చు లేనిది, హాని లేనిది ముందు చూడవలెను, ఖర్చు గలది, మఱలింపరానిది చివర చేయవలెను.

మొదటి మెట్టు, రోగి యెవరో తేల్చుకొనుట. కరెంటు తీసివేసి, పెట్టెను ఊడదీసి, యంత్రమును ఒంటరిగా నడుపవలెను. కరెంటు ఉండగా పెట్టెను తీయుట గాని పెట్టుట గాని ఎంతమాత్రము చేయరాదు. రేకులు వంకరగా తాకి ఒకదాని విద్యుత్తు మఱియొకదానిలోనికి పోయి చిప్పులను కాల్చివేయును. జెడ్‌ఎక్స్ 81కు మీట స్విచ్చి లేదు. కావున అడాప్టరును గోడనుండియే తీయవలెను. మఱియొక జాగ్రత్త గలదు. కరెంటు వైరు దూర్చు రంధ్రమును, టేపురికార్డరు వైర్లు దూర్చు రంధ్రములును ఒకే పరిమాణమున ప్రక్కప్రక్కనే యుండును. గుర్తు చూచి దూర్పవలెను. ఒంటరిగా నడిపినప్పుడు తెర క్రింది యెడమమూల నల్లని గడిలో తెల్లని "కె" అను ఇంగ్లీషు అక్షరము కనబడినచో యంత్రము ఆరోగ్యముగా నున్నట్లే. దోషము పెట్టెలోనో, రెండింటిని కలుపు కీలునందో యున్నది. "కె" కనబడనిచో పెట్టెను నిందించుట తగదు, యంత్రమునే చూడవలెను.

రెండవ మెట్టు, కీలు. ఎక్కువ యంత్రములకు బాగుపడుట ఇచ్చటనే జరుగును. ఈ యంత్రపు అంచు రేకులకు బంగారుపూత లేదు. ఏండ్లు గడచినకొలది వానిమీద కిలుము పట్టును. ఇత్తడి చెంబు తోమక యుంచిన నేమగునో మీకు తెలియును, ఇదియు నట్టిదే. మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిచేసి రేకులను రెండువైపుల తుడువవలెను. అప్పటికిని మసక విడువనిచో పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడిని పూర్తిగా తుడిచివేయవలెను. గరుకు కాగితముతో రుద్దరాదు. పైపూత పోయి క్రింది రాగి బయటపడి, మఱుసటి యేటికి కిలుము ఇంకను త్వరగా పట్టును. చమురు పూయరాదు, దుమ్మును పట్టి యుంచును. పిమ్మట పెట్టెను నిటారుగా దూర్చి, రెండును ఒకే యెత్తున నుండునట్లు క్రింద అట్టముక్క పెట్టి, కదలకుండ కట్టివేయవలెను. పూర్వపు రబ్బరు పట్టీ నేటికిని మంచి మందే.

మూడవ మెట్టు, ఆహారము. మనిషికి అన్నము చాలనిచో మతి నిలువనట్లు, మెమొరీకి విద్యుత్తు చాలనిచో జ్ఞాపకము నిలువదు. ఈ పెట్టెలో 4116 అను సంఖ్య గల చిప్పులు ఎనిమిది యుండును. వానికి మూడు విధముల వోల్టేజి కావలెను: అధికము 12, అధికము 5, ఋణము 5. అడాప్టరు ఇచ్చు 9 వోల్టులనుండి 12ను, ఋణము 5ను పుట్టించు చిన్న ఏర్పాటు పెట్టెలోనే కలదు. మల్టీమీటరు పట్టుట తెలిసినవారు ఈ మూడింటిని కొలిచి చూడవలెను. ఋణము 5 లేనిచో వెంటనే కరెంటు తీసివేయవలెను. ఏలయన అది లేకుండ 12 మాత్రము తగిలినచో 4116 చిప్పులు చచ్చును. ఇట్టి లోపమునకు ఆ చిన్న ఏర్పాటులోని కెపాసిటరు ఎండిపోవుటయు కారణము కావచ్చును. అడాప్టరును మాత్రము ఇంట విప్పరాదు. దాని లోన గోడ కరెంటు ప్రాణాంతకముగా నుండును.

నాలుగవ మెట్టు, యంత్రమునే అడుగుట. ఇది నాకు మిక్కిలి ఇష్టమైన మెట్టు. జెడ్‌ఎక్స్ 81 మేలుకొన్నప్పుడు తన గళ్ళన్నింటిలోను 2 అను సంఖ్యను వ్రాసి, క్రిందినుండి పైకి ఒక్కొక్క గడిలో ఒకటి, మఱియొకటి తీసివేసి, సున్న వచ్చినదా యని చూచుకొనును. సున్న రాని గడి తగిలినచోట "నా పొలిమేర ఇంతవఱకే" యని గుర్తు వేసికొనును. ఆ గుర్తును మనము చదువవచ్చును. "ప్రింట్ పీక్ 16388 + 256 * పీక్ 16389" అని అడిగినచో ఒక సంఖ్య తెరపై వచ్చును. 32768 వచ్చినచో పెట్టెలోని గళ్ళన్నియు ఆ పరీక్షలో నెగ్గినవి. పెట్టె తగిలించి యుండియు 17408 వచ్చినచో యంత్రము పెట్టెను చూడనేలేదు, తన సొంత పలకతోనే నడచుచున్నది. మఱల కీలునకు పోవలెను. రెండింటికి నడుమ వేఱొక సంఖ్య వచ్చినచో అదియే చెడిన గడి యొక్క చిరునామా.

కాని 2 తో చేసిన పరీక్ష సంపూర్ణము కాదు. గడిలోని సంఖ్య ఎనిమిది కొలపాత్రలతో కొలిచినట్లుండును. మన కొలతలలో సోలకు రెట్టింపు తవ్వ, తవ్వకు రెట్టింపు మానిక, మానికకు రెట్టింపు అడ్డ, అడ్డకు రెట్టింపు కుంచము గదా! అటులనే ఇచ్చట 1, 2, 4, 8, 16, 32, 64, 128 అను ఎనిమిది పాత్రలు గలవు. అన్నియు నిండినచో 255. అన్నియు ఖాళీయైనచో సున్న. పెట్టెలోని ఎనిమిది చిప్పులలో ఒక్కొక్కటి ఒక్కొక్క పాత్రను మోయును. యంత్రము 2 తో చూచుకొన్నప్పుడు, 4 అను పాత్రకు ఒక గడిలో చిల్లు పడి యున్నను బయటపడదు. ఆ పాత్రను అది నింపనేలేదు. కావున మనము అనుమానమున్న గడులలో 255 వ్రాసి చదువవలెను. పిదప సున్న వ్రాసి చదువవలెను. "పోక్ 30000, 255" అని వ్రాసి, "ప్రింట్ పీక్ 30000" అని అడిగినప్పుడు 255 రావలెను. 251 వచ్చినచో లోటు నాలుగు. కావున 4 అను పాత్రను మోయు చిప్పు దోషి. సున్న వ్రాసినప్పుడు 4 వచ్చినను దోషి అదే. మొదటిదానిలో పాత్ర నిండకున్నది, రెండవదానిలో ఖాళీ కాకున్నది. ఎనిమిదిమందిలో దొంగ యెవరో, ఒక్కనినైన కొట్టకుండ, లెక్కయే చెప్పుచున్నది. ఏ చిప్పు ఏ పాత్రదో పెట్టె యొక్క సర్క్యూటు పటము చూచి తెలిసికొనవచ్చును.

అయిదవ మెట్టు, చిప్పు మార్చుట. దీనిని చివర నుంచుటకు హేతువు కలదు. చిప్పుకు పదునాఱు కాళ్ళుండును. టంకము కరగించి వానిని తీయునప్పుడు వేడి మించినచో క్రింది రాగి గీతలు లేచి వచ్చును. ఒక చిప్పు దోషమునకు పోయినవారు మంచి పలకను గూడ పాడుచేసినట్లగును. తీసినచోట ముందుగా సాకెట్ వేసి అందు క్రొత్త చిప్పు నమర్చినచో మఱల టంకము పనిలేదు. చిప్పును పట్టుకొనుటకు ముందు భూమికి తగిలించిన లోహమును ముట్టవలెను. పొడి గాలిలో మన దేహమున చేరు విద్యుత్తు మనకు చుఱుక్కుమని తోచినను తోచకున్నను చిప్పును చంపగలదు.

ఇంతవఱకు చెప్పినది కదలుటవలన వచ్చు రోగము. కదలక మెదలక యున్నను వచ్చు రోగము మఱియొకటి కలదు. కొమొడోర్ అను సంస్థ 1987లో అమీగా 500 అను కంప్యూటరును తెచ్చినది. ఆ సంస్థ 1994లో మూతపడినది గాని యంత్రములు నేటికిని పలువురి యొద్ద కలవు. దాని సొంత మెమొరీ 512 కిలోబైట్లు. క్రిందనున్న చిన్న మూత తెఱచి ఏ 501 అను కార్డును అమర్చినచో మఱి 512 వచ్చును. ఈ కార్డుమీద గడియారము నడచుటకై నికెల్ కాడ్మియం బ్యాటరీ యొకటి టంకముతో అతికి యుండును. అటకమీద ఏండ్లతరబడి పడియున్నప్పుడు ఈ బ్యాటరీ పగిలి లోని క్షారము కాఱును. మఱచిపోయిన టార్చిలైటులో సెల్లులు కాఱి స్ప్రింగును తినివేయుట మీరు చూచియే యుందురు. ఇచ్చట ఆ క్షారము కార్డుమీది రాగి గీతలను, ప్రక్కనున్న కనెక్టరు కాళ్ళను తినివేయును. కొన్నిటియందు యంత్రమువఱకు ప్రాకును.

దీనికిని మొదటి మెట్టు అదే: కార్డు తీసి యంత్రమును ఒంటరిగా నడుపుట. కార్డు ఉన్నప్పుడు తెర పచ్చగా వెలిగి నిలిచిపోయి, తీసినప్పుడు సరిగా మేలుకొన్నచో దోషము కార్డునందే. కాని ఈ కార్డు విషయమున రోగము వచ్చువఱకు ఆగుట తెలివి కాదు. కార్డు బాగుగా పనిచేయుచున్నను బ్యాటరీని కత్తిరించి తీసివేయవలెను. పోవునది గడియారము యొక్క వేళ మాత్రమే. మెమొరీకి కొఱత లేదు. ఇదివఱకే కాఱి యున్నచో, ఆ చోట నీరు కలిపిన వినిగరు గాని నిమ్మరసము గాని కొంచెము పూసి క్షారమును విఱిచి, డిస్టిల్డు నీటితో కడిగి, పిమ్మట ఆల్కహాలుతో తుడిచి, పూర్తిగా ఆఱనిచ్చిన తరువాతనే కరెంటు పెట్టవలెను. తెగిన గీత యున్నచో సన్నని తీగతో అతుకవచ్చును. చేతికి ఆ క్షారము తగులనీయరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను.

ఇంత శ్రమ ఏల, క్రొత్తది కొనరాదా యని అడుగువారు కలరు. ఈ యంత్రములు చేసిన కర్మాగారములలో ఆ పని ఏనాడో నిలిచిపోయినది. ఒకటి పోయిన లెక్కలో ఒకటి తగ్గినట్లే. కేంబ్రిడ్జిలో కంప్యూటరుల చరిత్రకై వెలసిన ప్రదర్శనశాల యొకటి కలదు. అచ్చట ఇట్టి యంత్రములను అద్దాలలో బంధింపక, వచ్చినవారి చేత నడిపింతురు. అట్లు నడుచుటకు రేకులు తుడుచుచు, సంఖ్యలు చదువుచు కాచుకొనువారు కావలెను. యంత్రము పలుకలేదని చెత్తబండిలో వేసినవానిలో ఎన్ని కేవలము కిలుము పట్టినవో ఎవరు లెక్కింపగలరు?

కావున మీ యింటి పిల్లవాడు ఎప్పుడైన పాత యంత్రము ముందు కూర్చుండి, మొదటనే స్క్రూడ్రైవరు పట్టి చిప్పు పెఱుకబోయినచో, అతని భాష మీకు రాకున్నను రెండు ప్రశ్నలు వేయుడు: "దీనిని ఒంటరిగా నడిపి చూచితివా? కీలును తుడిచితివా?" ఈ రెండింటికిని అతడు ఔనని చెప్పిన తరువాతనే తక్కిన మెట్లు.